నా కడుపు తప్ప అందరం క్షేమం

మా మరచీలకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నా కడుపు ఒక్కటి తప్ప ఇంట్లో అందరం క్షేమం. మీ నాన్న క్షేమం. ఆయన విప్పి బల్ల నిండా పరిచిన ఎవరిదో కుట్టుమిషను క్షేమం. నువ్వు ఓడ ఎక్కుతూ ఎక్కుతూ నాకు అంటగట్టిపోయిన ముసలి పిల్లి కూడా క్షేమమే, నాకంటే బాగా తింటోంది. నువ్వూ, నీ ఓడా, నీ ఇంజనూ అలాగే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. కవరు మూల ఒక నూనె మరక ఉంది. మీ నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "మంచి నూనే వాడుతున్నారు" అని మీ కంపెనీకి సర్టిఫికెట్ ఇచ్చి, ఆ తరువాతే నా చేతికిచ్చారు. మూడేళ్ళప్పుడు ఆయన మరచీలలన్నీ విప్పి జేబులో పోసుకుని నువ్వా పేరు తెచ్చుకున్న రోజునే నీ బతుకు ఇంజన్ల పాలవుతుందని ఆయనకు తెలుసట. పదిమందితోనూ అదే చెబుతున్నారు.

సరే, నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నావా అన్నావు. ఇప్పుడు తింటున్నాను. డాక్టరు ఏమన్నాడు అన్నావు. ఏ డాక్టరు అని నేను అడగాలి, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కొక్కటి అన్నారు. అదంతా రాస్తాను. క్రేన్ మీది నుంచి ఏం కనిపిస్తోందో ఈ మధ్య ఒక్క ముక్క కూడా రాయడం లేదేం అన్నావు. దానికి కాస్త ఓపిక పట్టు తల్లీ. ఆ జవాబు గొంతు దాకా వచ్చి ఆగుతోంది. ముందు మిగతావి చెప్పనీ.

నా కడుపు సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. వరసగా ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళ క్రితం సైటు క్యాంటీన్ నీళ్ళ ట్యాంకులో ఏదో చెడి, సగం మందిమి మంచాన పడ్డామే, అదీ మొదలు. వాంతులు, విరేచనాలు, జ్వరం. వెల్డర్లూ కూలీలూ మేస్త్రీలూ అందరూ వారం తిరిగేసరికి లేచి పనిలోకి వచ్చారు. నేనూ లేచాను. నా కడుపు మాత్రం లేవలేదు. ఒక రోజు రాయిలా బిగుసుకుపోతుంది, మరో రోజు పరుగు పెట్టిస్తుంది. తడిబట్టను పిండినట్టు లోపల ఎవరో మెలిపెడతారు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

నేల మీద పని చేసేవాళ్ళకు ఇది చికాకు. నాకు గండం. నీకు తెలుసు కదా నా కొలువు. కింద మనుషులు చీమల్లా కనిపించేంత ఎత్తున, క్రేన్ నెత్తిన ఒక గాజు గది. అందులో ఒక కుర్చీ, రెండు లివర్లు, ఒక వాకీటాకీ. మరుగుదొడ్డి లేదు. మగ ఆపరేటర్లు సీసాతో గడిపేస్తారు, ఆడదానికి ఆ భాగ్యమూ లేదు. నిచ్చెన దిగి రావాలంటే దిగేలోపు పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. అందుకని ఉదయం తినడం మానేశాను. ఆ తరువాత నీళ్ళు మానేశాను. ఖాళీ కడుపు నోరు మూసుకుని పడి ఉంటుందనుకున్నాను. అదేం పాడు కడుపోగాని, తింటే తిన్నావని గొడవ, తినకపోతే తినలేదని గొడవ. గయ్యాళి అత్త కూడా ఇంత సాధించదు.

పరీక్షలు చేయించాను. పైనుంచి గొట్టం దించి చూశారు, కింది నుంచి గొట్టం ఎక్కించి చూశారు. నెత్తురు తీశారు, బొమ్మలు తీశారు. ఆ గొట్టం డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "ఇంత శుభ్రమైన పేగులు ఈ మధ్య చూడలేదమ్మా" అన్నాడు, నాకేదో బహుమతి వచ్చినట్టు. ఆ శుభ్రమైన పేగులు పట్టుకునే నేను ఆసుపత్రి వసారాలో వంగిపోయి గోడ పట్టుకుని నడిచాను.

ఆ కాగితాలన్నీ మా కంపెనీ డాక్టరుకు చూపించాను. ఆయన ఒక్కొక్కటీ తిప్పి బల్ల మీద పెట్టాడు.

"మీకేమీ లేదమ్మా. అంతా తలలోనే ఉంది."

"నొప్పి ఇక్కడుందండీ" అని పొట్ట మీద చెయ్యి వేసి చూపించాను.

"అక్కడున్నట్టు అనిపిస్తుంది. మీరు టెన్షన్ తగ్గించుకోవాలి."

"ఎలా తగ్గించుకోమంటారు?"

"టెన్షన్ పడకుండా ఉంటే తగ్గుతుంది."

పొట్టివాణ్ణి పిలిచి, కాస్త పొడుగ్గా ఉంటే నీ కష్టాలు తీరతాయిరా అన్నట్టుంది. ఇంటికొచ్చి మీ నాన్నతో చెబితే ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మీ నాన్న మీద కూడా ఒక పూటంతా అలిగాను, ఆయన తప్పేం లేదని తెలిసీ. మనకు నొప్పి వచ్చినప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ళే దోషులు.

చివరికి ఈ మధ్య ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కడుపు జబ్బులే చూస్తుంది. మనకు రెండు వీధులవతల, బట్టల లాండ్రీ పైన, చిన్న గది. ఎదురుచూసే చోట చేపల తొట్టి ఉంది, అందులో చేపలు లేవు, బుడగలు మాత్రం వస్తున్నాయి. ఇక్కడా ఇదే తంతు అనుకున్నాను. లోపలికి వెళ్ళగానే ఎక్కడ నొప్పి అని అడగలేదు. "మీరేం పని చేస్తారమ్మా?" అంది. చెప్పాను. కలం కింద పెట్టేసింది. "పైన మరుగుదొడ్డి ఉంటుందా?" అంది. రెండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

నా కథంతా విని, ఒక కాగితం మీద పేగుల బొమ్మ గీసింది, దాని పైన ఓ తల. రెండింటికీ మధ్య ఒక గీత.

"మీ పేగుల గోడల్లో నరాల వల ఉంటుందమ్మా. కోట్ల కొద్దీ నరాల కణాలు. తిన్నదాన్ని ముందుకు తొయ్యడం, రసాలు ఊరించడం, ఇవన్నీ చాలావరకు ఆ వలే చూసుకుంటుంది. ప్రతిదానికీ మెదడు అనుమతి అడగదు. కానీ కబుర్లు మాత్రం పంపుతూనే ఉంటుంది. ఇదిగో, మెడలోంచి పొట్టలోకి దిగే ఈ పొడుగాటి నరం ఆ దారుల్లో పెద్దది. ఈ దారిలో పైనుంచి కిందకి వచ్చే కబుర్ల కంటే కింద నుంచి పైకి పోయేవే ఎక్కువ."

"అంటే కడుపే తలకి చెబుతుందా?"

"ఎక్కువగా అంతే. అలాగని తలా ఊరుకోదు. మీకు భయమేస్తే ఆ కబురు కడుపుకి చేరుతుంది. కడుపు బిగుసుకుంటుంది, అది మళ్ళీ పైకి చెబుతుంది. పైన ఇంకాస్త భయం. అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది." ఆ గీత మీద కలం పైకీ కిందకీ నడిపింది. "ఆ చెడ్డ నీళ్ళతో మీ పేగులు దెబ్బతిన్నాయి. దెబ్బ మానింది. నరాలు మాత్రం ఇంకా ఉలిక్కిపడుతున్నాయి. ముద్ద కదిలినా గాలి కదిలినా నొప్పి, నొప్పి అని పైకి కేక. పైన మెదడు కూడా రెండేళ్ళుగా చెవులు రిక్కించుకుని కూర్చుంది. అందుకని గుసగుస కూడా దానికి అరుపులా వినిపిస్తోంది."

"మరి గొట్టంలో ఎందుకు కనపళ్ళేదు?"

"గొట్టంతో చూస్తే గోడ కనిపిస్తుంది. గోడలో నడిచే కబురు కనిపించదు కదమ్మా."

"అయితే నా నొప్పి నిజమేనా?"

"నిజమే."

నేను ఏడుస్తాననుకుని కాబోలు, ఆవిడ కాగితపు రుమాళ్ళ డబ్బా నా వైపు జరిపింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఈ నాలుగు మాటలు చెప్పడానికి లోకానికి రెండేళ్ళు పట్టిందా? మీ అమ్మమ్మకు దుఃఖం వస్తే గుండె మీద చెయ్యి వేసుకునేది కాదు, కడుపు మీద వేసుకునేది. కడుపుమంట, కడుపుకోత, కడుపు తరుక్కుపోవడం... మన మాటల్లో సగం దుఃఖం పొట్టలోనే కాపురముంది. ముసలమ్మలందరికీ తెలిసిన సంగతి మా కంపెనీ డాక్టరు చెవిన ఎందుకు పడలేదో!

ఆ కోపం చల్లారకముందే ఆవిడ మందు రాసింది. వేళ తప్పకుండా కొంచెం కొంచెం తినమంది. పొట్ట పైకీ కిందకీ కదిలేలా నెమ్మదిగా ఊపిరి పీల్చడం నేర్పింది. వాటితో పాటు రోజుకొక చిన్న మాత్ర. అది దేనికని అడిగితే, దాచకుండా చెప్పింది: ఎక్కువ మోతాదులో దాన్ని దిగులు జబ్బుకి ఇస్తారట, చిన్న మోతాదులో ఈ నరాల ఉలికిపాటు తగ్గిస్తుందట.

"నాకు పిచ్చి లేదండీ" అన్నాను.

"లేదు. ఉందని నేననలేదు. ఇది మీకూ మీ కడుపుకీ మధ్యనున్న దారి కోసం."

చీటీ మడిచి సంచిలో వేసుకున్నాను. మందుల షాపు ముందు నుంచే నడిచి ఇంటికొచ్చాను, లోపలికి వెళ్ళకుండా.

ఎందుకు వెళ్ళలేదో చెప్పాలంటే నీ మూడో ప్రశ్నకు రావాలి. వచ్చేశాను. క్రేన్ మీది నుంచి ఏం కనిపిస్తోందని అడిగావు. నాకు తెలియదు తల్లీ. వానలు మొదలవక ముందు నుంచీ నేను నేల మీదే ఉన్నాను. నీకు రాసిన ఉత్తరాల్లో "పనికి వెళ్ళాను, వచ్చాను" అని రాశానే, ఆ పని సామాన్ల గదిలో హెల్మెట్లు పంచే పని. ఆ గది కిటికీలోంచి నా క్రేన్ కాళ్ళు కనిపిస్తాయి. తల కనిపించదు.

ఏం జరిగిందంటే, ఒక గాలి రోజు. ఆపేసేంత గాలి కాదు, జాగ్రత్తగా ఉండాల్సిన గాలి. ఇనుప చువ్వల కట్ట ఒకటి పైకెత్తి ఉన్నాను. పై అంతస్తులో మనుషులు దానికోసం చేతులు చాపి ఉన్నారు. అప్పుడు పట్టుకుంది కడుపు. ఎప్పటిలా కాదు, కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. దాంతో పాటు ఎక్కడి నుంచో ఒక గట్టి నమ్మకం, క్రేన్‌లో ఏదో తేడా ఉందని. తాడు చప్పుడు మారిందనిపించింది. కట్టను మనుషులకు దూరంగా, ఖాళీ మూలకు తిప్పి, నెమ్మదిగా కింద పెట్టాను. బ్రేకులు వేసి, "క్రేన్‌లో ఏదో తేడాగా ఉంది, చూడందే ఎత్తను" అని వాకీటాకీలో చెప్పాను.

మెకానిక్కులు వచ్చారు. తాడు చూశారు, చక్రాలు చూశారు, బ్రేకులు చూశారు. పూటంతా పని ఆగింది. ఏమీ లేదు. క్రేన్ గుండ్రాయిలా ఉంది.

కథల్లో అయితే ఏదో ఒక మరచీల ఊడి ఉండేది, కడుపు ముందే చెప్పిందని అందరూ దండం పెట్టేవాళ్ళు. ఇక్కడ అలా జరగలేదు. మా సూపర్‌వైజరు సైటంతా వినిపించే చానల్లో, "మేడం గారి కడుపులో గుడగుడలాడితే మేమంతా పని ఆపుకుని కూర్చోవాలా?" అన్నాడు. ఒకరి తరువాత ఒకరు నవ్వడం వాకీటాకీలో విన్నాను. పైన ఒంటరిగా కూర్చుని, అంతమంది నవ్వు ఆ చిన్న డబ్బాలోంచి వినడం ఎలా ఉంటుందో నీకు రాయలేను. ఆ వేళ నిచ్చెన దిగి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చాను.

నేను అబద్ధం చెప్పలేదే. నిజంగానే తేడా ఉందనిపించింది. తేడా క్రేన్‌లో లేదు, అంతే. తరువాత ఈ సంగతి డాక్టరమ్మకు చెబితే, "కడుపు చెప్పే నొప్పి నిజమమ్మా. అది ఊహించుకునే కారణం నిజం కానక్కర్లేదు" అంది. ఆ మాట ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే!

కంపెనీ డాక్టరు నా మీద "మనసు కుదురుగా లేదు" అని రాశాడు. నన్ను హెల్మెట్ల గదికి పంపారు. నా కుర్చీలో ఇంకొకతను కూర్చున్నాడు, వచ్చీ రాగానే దాని ఎత్తు మార్చేశాడట. చూశావా నా ఇరుకు? కడుపు అంటే, కాదు తల అంటారు. సరే తలే అనుకుందామంటే, అయితే దిగు అంటారు. ఇక ఆ మాత్ర కూడా వేసుకుంటే, అలాంటి మందులు వాడేవాళ్ళు కంపెనీ భద్రతా బోర్డు ముందు నిలబడి ఒప్పించుకుంటేగాని క్రేన్ ఎక్కకూడదని రూలు. ఆ మందు మొదట్లో మగత తెస్తుంది కాబట్టి రూలు తప్పని అనను. కానీ ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నది నాకోసమే పుట్టిన సామెత అనిపించింది.

చీటీ సంచిలోనే ఉండిపోయింది. మీ నాన్న పట్టుకున్నారు.

"ఇదెందుకు కొనలేదు?"

"వేసుకుంటే బోర్డు ముందుకి ఈడుస్తారు."

"వేసుకోకపోతే హెల్మెట్లు పంచుతావు. పోనీవే క్రేన్. పోతే పోయింది."

"మీ మిషన్లు పోతే పోయాయని నేనంటే?"

ఆయన చేతిలో సూది బిగించే చిన్న మర ఉంది. దాన్ని జాగ్రత్తగా మూతలో పెట్టారు. ఆయనకు కోపం వస్తే వస్తువుల్ని ఇంకా మెల్లగా పెడతారు, నీకు తెలుసుగా.

"అనకూడని మాటే అన్నాను" అన్నారు. ఆ తరువాత, "నువ్వు బల్ల దగ్గర కూర్చుని కంచం ఖాళీ చేసి రెండేళ్ళయింది. నువ్వు అటూ ఇటూ తిరుగుతుంటే నేనొక్కణ్ణే నములుతూ కూర్చుంటున్నాను. నాకు చేతకావడం లేదు" అన్నారు.

ఇన్నాళ్ళూ నా కడుపు నాదొక్కదాని తగువు అనుకున్నాను. మందుల షాపుకి ఇద్దరం కలిసే వెళ్ళాం.

మాత్ర వేసుకున్న మొదటి రోజుల్లో నోరు ఎండిపోయేది, హెల్మెట్ల మధ్య కునికిపాట్లు పడేదాన్ని. భోజనం గంటలో గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి పీల్చేదాన్ని. ఒక రోజు మా జెండా చూశాడు. అదే, కింద నిలబడి నాకు సైగలు చేసేవాడు, చేతిలో ఎప్పుడూ ఎర్రజెండా ఉంటుందని ఆ పేరు పడింది. నేను పోయాననుకున్నాడు పాపం. "అక్కా! అక్కా!" అని అరుస్తూ సీసాడు నీళ్ళు మొహాన కుమ్మరించాడు. లేచి తిట్టిన తిట్లకు నేను బతికే ఉన్నానని నమ్మకం కుదిరింది.

తగ్గిందా అంటే, తగ్గింది. పోయిందా అంటే, పోలేదు. వారంలో బాగున్న రోజులు ఎక్కువయ్యాయి. బాగాలేని రోజు వచ్చినప్పుడల్లా మొత్తం మళ్ళీ మొదటికొచ్చిందని చిరాకుతో ఏదో ఒకటి విసిరికొడతాను. మీ నాన్న దాన్ని ఏరి చోట్లో పెడతారు. మగత పూర్తిగా పోయాక, డాక్టరమ్మ చేత ఆ సంగతి రాయించుకుని, బోర్డుకు అర్జీ పెట్టాను.

బోర్డు రోజు జెండా గేటు దగ్గర పట్టుకున్నాడు.

"అక్కా, నొప్పి పూర్తిగా పోయిందని చెప్పు. నీ కడుపులోకి తొంగిచూసేవాడెవడు?"

"గొట్టం వేసి చూసేవాళ్ళే ఏం కనిపెట్టలేకపోయారు, అదీ నిజమే" అన్నాను. ఆ మాటతో నాకు ఆశ పుట్టిందని నీ దగ్గర దాచను. ఒక్క "పోయింది" చాలు, నా కుర్చీ నాకొస్తుంది.

పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు: మధ్యలో తల నెరిసిన పెద్ద ఇంజనీరు, ఒక పక్క కంపెనీ డాక్టరు, మరో పక్క భద్రత చూసే అధికారి. గోడ వారన మా సూపర్‌వైజరు.

"ఇప్పుడు నొప్పి ఉందా?" అన్నాడు కంపెనీ డాక్టరు.

ఆ "పోయింది" అనే మాట నాలుక చివరే ఉంది. సరిగ్గా అప్పుడే కడుపు మెలిపెట్టింది. అబద్ధం ఆడనివ్వకూడదని కాదు, దానికి నీతీ నియమం ఏం తెలుసు! భయపడ్డాను కాబట్టి బిగుసుకుంది, అంతే. పళ్ళు బిగపట్టి కూర్చోవచ్చు. రెండేళ్ళుగా చేస్తున్నదదే. ఎందుకో ఆ క్షణాన ఇక చాలనిపించింది. లేచి నిలబడ్డాను.

"ఉందండీ. ఇప్పుడే వచ్చింది. బాత్రూముకెళ్ళి వచ్చి మిగతాది చెబుతాను. కాస్త ఆగండి."

జవాబు కోసం చూడకుండా వెళ్ళాను. వసారా చివర తలుపు మూసుకుని, ఊపిరి కిందకి తోసి, మెల్లగా వదిలి, మొహం కడుక్కుని, తిరిగొచ్చాను. ముగ్గురూ అలాగే కూర్చుని ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు నేల చూస్తున్నాడు.

"మీరు చూశారుగా, నొప్పొస్తే ఏం చేస్తానో. ఆపుతాను, చూసుకుంటాను, తిరిగొస్తాను. ఆ రోజు కూడా ఆపాను. క్రేన్‌లో తేడా ఉందనుకోవడం నా పొరపాటు. కానీ కళ్ళు తిరిగే నొప్పిలో బరువుని ఎక్కడ దించాను, ఎలా దించాను అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కింద సైగలు చేసినవాణ్ణి పిలిచి అడగండి."

జెండాను పిలిచారు. వాడు జెండా చంకలో పెట్టుకునే వచ్చాడు. "పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించిందండీ. కింద ఒక్క మనిషి లేని చోట" అన్నాడు. తరువాత ఎవరూ అడక్కపోయినా, "పైన బాత్రూము కట్టిస్తే ఈ గొడవే లేదు కదండీ" అన్నాడు. భద్రత అధికారి దాన్ని రాసుకున్నాడు. కట్టిస్తారని కాదు, రాసుకున్నాడు.

తీర్పు వసారాలో కూర్చోబెట్టి చెప్పారు. ఎత్తు క్రేన్ ఇప్పుడే కాదు. యార్డులో సామాను దించే పొట్టి క్రేన్ నడపాలి. వచ్చే ఎండాకాలం మళ్ళీ చూస్తారు. "మనసు కుదురుగా లేదు" అన్న మాట మాత్రం కొట్టేసి, ఆ డాక్టరమ్మ రాసింది పెట్టారు.

సంతోషించాలని మీ నాన్న అంటారు. సగం మెట్ల మీద నిలబెట్టి సంతోషించమంటే ఎలా? నేను మేఘాలతో సమానంగా కూర్చున్న మనిషిని. ఆ పొట్టి క్రేన్ మీద కూర్చుంటే లారీ డ్రైవర్ల బట్టతలలు కనిపిస్తాయి. నీకు పైనుంచి కనిపించేది రాయమన్నావుగా, రాసుకో: బట్టతలలు.

బయటికి వస్తుంటే ఆ పెద్ద ఇంజనీరు వెనకాలే వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందమ్మా?" అన్నాడు. ఎవరికోసమని అడగలేదు. లాండ్రీ పైన అని చెప్పాను. ఆయనెన్నేళ్ళుగా పళ్ళు బిగబట్టి ఆ బల్ల వెనక కూర్చుంటున్నాడో!

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచి విసిరికొట్టాను. తలుపు, బోర్డు, సూపర్‌వైజరు, పిల్లి, అందర్నీ తిట్టాను. మీ నాన్న సూపు పోసి ముందు పెట్టారు. తిడుతూనే తాగాను, తిడుతూనే రొట్టె తిన్నాను. కంచం ఖాళీ అయింది. చూస్తే కడుపు నోరు మెదపలేదు. అంత కోపంలోనూ! మనసులోది కక్కేస్తే కడుపు కుదుటపడుతుందన్నమాట అని మీ నాన్న వెంటనే నీతి తీశారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పట్టుకుంది. కాబట్టి నీతులేం వెతక్కు.

ఇక అసలు మాట. ఇంతసేపూ ఇదంతా రాసింది దీనికోసమే. నీ ఉత్తరంలో, డ్యూటీ ముందు వాంతులవుతున్నాయని రెండు ముక్కలు రాసి, సముద్రం అలవాటు కాలేదంటున్నారని ఇంకో ముక్క రాసి, వెంటనే ఇంజను గురించి రెండు పేజీలు రాశావు. మీ నాన్న ఆ రెండు పేజీలూ చదివారు. నేను ఆ రెండు ముక్కలే పదిసార్లు చదివాను. ఓడ ఎక్కి ఇన్ని నెలలైంది. అలలు లేని రేవులో కూడా వాంతులవుతున్నాయా? సెలవు రోజున అవుతున్నాయా, మీ ఓడలో నీ పైనున్న పెద్ద ఇంజనీరు డ్యూటీలో ఉన్న రోజునే అవుతున్నాయా? అది సముద్రమే కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. ఓడలో డాక్టరు ఉంటే వెళ్ళి చెప్పు. "ఏం లేదు" అంటే రేవులో ఇంకొకరికి చెప్పు. ఖాళీ కడుపుతో మాత్రం ఇంజను గది మెట్లు దిగకు, నేను చేసిన పిచ్చి పని అది.

నేల మీదకొచ్చిన సంగతి నీకెందుకు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తోంది నాకు. నా కడుపులో దాచుకుంటే నీ కడుపు చల్లగా ఉంటుందనుకున్నాను. అక్కడ నువ్వూ అదే పని చేస్తున్నావు. ఒక సముద్రానికి ఇటొకరం అటొకరం కూర్చుని, ఇద్దరం క్షేమం క్షేమం అని రాసుకుంటూ, ఇద్దరం బాత్రూముల్లో వంగుని ఉన్నాం. నాకు చాలా కోపంగా ఉంది నీ మీద. నా మీద కూడా. ఈసారి ఉత్తరంలో ఇంజను రెండు ముక్కల్లో రాసి, నీ సంగతి రెండు పేజీలు రాయి. నువ్వు రాసేది చదివితే నా కడుపు మెలిపెడితే పెట్టనీ. ఆ మాత్రం నొప్పికి కారణం నాకు తెలిసే ఉంటుంది.

ఇట్లు,
ప్రస్తుతానికి నేల మీదున్న
నీ అమ్మ